నాంచారమ్మ మరిచిపోయిన గోలెం

ఒక పెద్ద అడవిలో, అందరూ తాగడానికి, మునగడానికి, ముఖం చూసుకోవడానికి కూడా సరిపోయేంత పెద్ద కుంట ఉండగా, ఇంటింటికీ ఒక గోలెం పంచవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, దానికి కారణం అధ్యక్షులవారి బావమరుదులు.

ఆ కుంటను కలువకుంట అనేవారు. ఒకప్పుడు దాని నిండా కలువలే. అడవిదున్న భూషణం అడవిసభకు అధ్యక్షుడైన నాటినుంచి అతని బావమరుదులు మందకు మంద అందులో దిగి పొర్లడం మొదలుపెట్టారు. పొద్దున దిగితే పొద్దుగూకాక లేచేవారు. కొందరైతే లేవడం కూడా దండగనుకున్నారు. కలువలు కాళ్లకింద నలిగిపోయాయి. నీళ్లు అంబలిలా చిక్కబడ్డాయి. చేపలు వాగులోకి పారిపోయాయి.

అడవి జనం సభకు మొరపెట్టుకున్నారు. సభ ఆ మొరను చాలా దయగా విన్నది. బావమరుదులను లేవమని చెప్పడం తప్ప ఇంకేం చెయ్యొచ్చో అన్నీ ఆలోచించింది.

"కుంటలో కలువలు లేవన్నదేగా మీ బాధ?" అన్నాడు భూషణం. "కలువలే మీ గుమ్మంలోకి వస్తాయి. ఇంటింటా కొలను! ఎవరి కొలను వారిదే. ఇక కుంట ఊసు మీకెందుకు?"

చప్పట్లు మోగాయి. ముందుగా కొట్టింది బావమరుదులే, కుంటలో కూర్చునే.

జాతరకు వచ్చిన మనుషులు అడవి అంచున వదిలేసి పోయిన గోలేలు, తొట్లు, మూతి విరిగిన కుండలు పోగుచేయించారు. ఈ పనంతటికీ పర్యవేక్షకుడిగా కొంగ పద్మనాభాన్ని వేశారు. చేపలుండే గోలేలకు కొంగను కాపలా పెట్టడమేమిటని ఎవరైనా అడుగుతారేమోనని సభ ముందే జవాబు సిద్ధం చేసుకుంది. 'చేపల విషయంలో అతనికున్న అనుభవం ఇంకెవరికుంది?' అన్నది ఆ జవాబు. ఎవరూ అడగలేదు. అంత మంచి జవాబు వృథా అయిపోయింది.

కుంట ఒడ్డున మొగలిపొద కింద, చల్లటి తడిగుంటలో తాబేలు నాంచారమ్మ ఉండేది. ఒంటరిది. ఎవరూ చెప్పకపోయినా, జాతర మనుషులు పొట్లాలు విప్పి పారేసిన కాగితాలు ఏరుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, తనంతట తానే చదవడం నేర్చుకున్న మనిషి. అదే, తాబేలు. ఏ కాగితంలో ఏముందో ఒకప్పుడు గడగడా అప్పజెప్పేది. ఈ మధ్య అలా లేదు. నోటిదాకా వచ్చిన పేరు నోట్లోనే ఆగిపోయేది. గుంటలోంచి బయటికొచ్చి, ఎందుకొచ్చానా అని అక్కడే నిలబడిపోయేది. మరిచిపోవడంకన్నా, మరిచిపోతానేమోనన్న దిగులే ఆమెను ఎక్కువగా తినేది.

అందుకని ఒక ఉపాయం పెట్టుకుంది. గుర్తుంచుకోవలసిన పని వచ్చినప్పుడల్లా వాగునుంచి ఒక గులకరాయి తెచ్చి గుమ్మంలో పెట్టేది. రాయి కనపడితే పని గుర్తొస్తుందని. చిక్కేమిటంటే, మర్నాటికి రాయి ఉండేది, పని ఉండేది కాదు. రాయి వంక చూసి 'ఏదో ఉంది' అనుకునేది. ఏమిటో తెలియని ఆ 'ఏదో' రోజంతా గుండెమీద కూర్చునేది.

దిగులుపడక ఏం చేస్తుంది? సభవారు పెద్దల మీద ప్రేమకొద్దీ ఒక తీర్మానం చేసి ఉన్నారు. మతి తప్పుతున్న పెద్దలకు విశ్రాంతినివ్వాలి. మూడు మరపులు రుజువైతే మోడుగుట్టకు పంపాలి. ఆ గుట్టకు విశ్రాంతివనం అని పేరుపెట్టారు. అక్కడ చెట్టు లేదు, చెమ్మ లేదు, రాళ్లు మాత్రం కావలసినన్ని. అధ్యక్షుల ఇంటి పెళ్లిలో పెళ్లికొడుకు పేరు మరిచిపోయిన ముసలి ముళ్లపందిని అలాగే సాగనంపారు. పూలదండ కూడా వేశారు. అతను తిరిగి రాలేదు. అక్కడ ఎంత సుఖంగా ఉందో చూడండి అన్నారు సభవారు.

నాంచారమ్మకు అప్పటికే రెండు అయ్యాయి. ఒకసారి సభకు రావడం మరిచిపోయింది. ఇంకోసారి వచ్చింది గానీ, అందరి ముందూ భూషణాన్ని చూసి "బాగున్నావా, వీరభద్రం?" అని అతని తండ్రి పేరు పెట్టి పలకరించింది. ఇంకొక్కటి జరిగితే మోడుగుట్టే. ఆ ఎండకు తాబేలు వీపు ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇలాంటి రోజుల్లో పద్మనాభం ఆమె గుమ్మంలో ఒక కుడితి గోలెం దించాడు. దాని అంచు ఒకపక్క విరిగి ఉంది.

"నాంచారమ్మగారూ, మీ కొలను."

"అడుగున చిల్లి ఉందా, బాబూ?"

"సభ ఇచ్చినదానికి చిల్లి ఉంటుందా?"

"నీళ్లు నిలవాలి గదా, అందుకని అడిగాను."

"చిల్లి ఉంటే అది మీ వాడకం వల్ల వచ్చినట్టు లెక్క," అన్నాడు పద్మనాభం. ఒంటికాలి మీద నిలబడి నిబంధనలు చదివాడు. గోలెంలో అడుగున కుంట బంకమట్టి వేయాలి. అందులో కలువదుంప పాతాలి. మట్టి రేగకుండా ఒక ఆకు పరిచి, దానిమీద నెమ్మదిగా నీళ్లు పోయాలి. కాస్త నాచు వెయ్యాలి. దోమపిల్లల్ని తినడానికి చిన్న చేపలు నాలుగు వదలాలి. ఇంతవరకూ బాగానే ఉంది. ఇవి తెలివైనవాళ్లెవరో చెప్పిన మాటలు. ఆఖరిది మాత్రం సభవారి సొంతం.

"నీళ్లు అద్దంలా ఉండాలి. అధ్యక్షులవారు తనిఖీకొచ్చి వంగి చూస్తే వారి కొమ్ములు కనపడాలి. నీళ్లు పచ్చబడ్డాయా, ఆ రోజే పారబోసి కొత్తవి పోయాలి. పారబోసేముందు చేపలను నాకు అప్పగించాలి. భద్రంగా ఉంచుతాను."

"ఎక్కడుంచుతావు, బాబూ?"

పద్మనాభం మెడ ఒకసారి పొడుగ్గా సాచి, మళ్లీ ముడిచాడు.

"లోపల," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆగి, ముక్కు ఆమె వైపు తిప్పాడు. "నీళ్లు మార్చడం మరిచిపోయేరు! మీకు ఇప్పటికే రెండయ్యాయి. నాకైతే మిమ్మల్ని గుట్టకు పంపడం సుతరామూ ఇష్టంలేదు. కానీ దండ మాత్రం గుచ్చి ఉంచమన్నారు."

పక్క చెట్టుమీద ఉండే కొండముచ్చు రంగనాయకి దిగొచ్చి, దుంప పాతడంలో, నీళ్లు పోసి చేపలు వదలడంలో సాయం చేసింది. రంగనాయకి చేతులతో పనిచేస్తుంది, నోటితో అడవి సంగతులన్నీ చెబుతుంది. రెండూ ఎప్పుడూ ఆగవు.

"దుంప నిలువునా పాతకత్తా, ఏటవాలుగా పెట్టు. మొలక పైకుండాలి. నాకంతా తెలుసు, నా గోలెం పొద్దున్నే చేశాను. చూద్దువుగాని, అధ్యక్షులవారు నా గోలేన్నే మెచ్చుకుంటారు. నువ్వు నీళ్లు మార్చడం మాత్రం మరిచిపోకు."

"మరిచిపోనమ్మాయ్. ఇదుగో, రాయి పెడుతున్నా," అంది నాంచారమ్మ. తెల్లటి గులకరాయి ఒకటి తెచ్చి గుమ్మంలో నడిమధ్యన పెట్టింది. నీళ్లు మార్చాలి, నీళ్లు మార్చాలి అని వల్లెవేసుకుంటూ పడుకుంది.

తెల్లారింది. గుమ్మంలో రాయి ఉంది. నాంచారమ్మ దాని చుట్టూ తిరిగింది. ఎందుకు పెట్టాను? సభ ఉందా? ఎవరికైనా మాటిచ్చానా? ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. కానీ రాయి నున్నగా ముద్దుగా ఉంది. దారికి అడ్డంగా ఉంది. కనపడుతున్నంతసేపూ ప్రాణం తీస్తోంది. తీసుకెళ్లి గోలెంలో, మట్టిమీద జారవిడిచింది. కంటికి కనపడకపోయేసరికి కాస్త నిమ్మళించింది. సాయంత్రం మళ్లీ ఏదో మరిచిపోతున్నానని భయం పుట్టి ఇంకో రాయి తెచ్చిపెట్టింది. మర్నాడు అదీ గోలెంలోకే పోయింది.

అలా ఆమె భయాలన్నీ ఒక్కొక్కటే గోలెం అడుగుకు చేరుతూ వచ్చాయి. వాటికింద మట్టి కదలకుండా అణిగి పడుకుంది.

ఈలోగా అడవిలో గోలేలన్నీ పచ్చబడ్డాయి. కొత్తగా పోసిన నీళ్లు, పైన ఎండ, అడుగున కొత్త మట్టి. పచ్చిపెసల పిండి కలిపినట్టు పచ్చబడకుండా ఎలా ఉంటాయి? కలువ ఆకులు విచ్చుకుని నీడపట్టేదాకా కొన్నాళ్లు ఊరుకుంటే వాటంతట అవే తేరుకుంటాయి. కానీ ఊరుకోవడం ఏ నిబంధనలోనూ లేదు. పారబోశారు. వాగునుంచి మోసుకొచ్చి మళ్లీ పోశారు. మళ్లీ పచ్చబడ్డాయి. మళ్లీ పారబోశారు. పారబోసినప్పుడల్లా మట్టి రేగింది, మొలక విరిగింది, చేపలు పద్మనాభం దగ్గర భద్రంగా చేరాయి. ఇదివరకు మేతకు వెళ్లే జంతువులు ఇప్పుడు నీళ్లకు వెళ్లసాగాయి. ఒక్క పద్మనాభమే ఒళ్లుచేశాడు. ఒంటికాలి మీద నిలబడితే ఆ కాలు వణుకుతోంది.

"పనిభారం," అన్నాడు ఎవరో అడిగితే.

రంగనాయకి అందరికన్నా రెండాకులు ఎక్కువ. పచ్చబడినా పడకపోయినా మార్చేసేది.

"అత్తా, చూడు నా నీళ్లు! ఇప్పుడే మార్చాను. అద్దమే!"

"కలువ మొలిచిందా, అమ్మాయ్?"

"మొలిచేదే. పోసేటప్పుడు విరిగింది. మొన్నదీ విరిగింది. అయినా నీళ్లు చూడు, నీళ్లు!"

నాంచారమ్మ చూసి మెచ్చుకునేది. తనకూ అలాంటిది ఒకటి ఉందన్న సంగతి తోచేది కాదు. గోలేన్ని గులకరాళ్లు పడేసే చోటుగానే ఎరుగును.

ఒకనాటి పొద్దున రాయి వేయబోతే, అందులోంచి ఒక కప్ప తల ఎత్తింది.

"ఎవరు నాయనా నువ్వు?"

"గురవయ్యను. నిన్నా చెప్పాను, మొన్నా చెప్పాను."

"చెప్పే ఉంటావులే."

"తక్కిన గోలేల్లో కాపురం కుదరడం లేదవ్వా. కళ్లు మూసి తెరిచేలోగా కాళ్లు పైకి తలకిందికి చేసి పారబోస్తున్నారు. రాయి కాస్త మెల్లగా వెయ్యి, నెత్తి బొప్పికట్టింది."

అలా ఉండగా తనిఖీ రోజు వచ్చింది. పొద్దు పొడవకముందే రంగనాయకి కొమ్మలమీద గెంతుకుంటూ వచ్చింది.

"అత్తా, వాళ్లు బయల్దేరారు! నీళ్లు మార్చావా?"

"ఏ నీళ్లమ్మాయ్?"

రంగనాయకి కొమ్మమీంచి కిందికి దూకింది. "గోలెం నీళ్లు! అసలు ఒక్కసారైనా మార్చావా?"

అప్పుడు గుర్తొచ్చింది నాంచారమ్మకు. తెల్లరాయి, నిబంధన, దండ, మోడుగుట్ట, అన్నీ ఒక్కసారే వచ్చి మీదపడ్డాయి. తల చిప్పలోకి లాక్కుంది. "అయిపోయిందమ్మాయ్. మూడోది. నా గుంట... నా మొగలిపొద..." లోపలినుంచి మాటలు గుడగుడమంటూ వచ్చాయి.

రంగనాయకి గోలెంలోకి తొంగిచూసింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం అడవిలో అదే మొదలు.

"ఎవరిచేత చేయించావు?" అంది చివరికి. "నాకొక్కమాట చెప్పకుండా! దుంప పాతింది నేను గదా!"

తనిఖీ బృందం ఒక్కో గుమ్మం దాటుకుంటూ వస్తోంది. ముందు భూషణం, పక్కన పద్మనాభం, వెనక బావమరుదుల్లో లేవగలిగినవాళ్లు. ప్రతి గోలెంలోనూ ఒకటే కథ. అప్పుడే పోసిన నీళ్లు, రేగిన మట్టి, విరిగిన కాడ. చేపలు లేవు గనక దోమపిల్లలు హాయిగా పెరిగి పెద్దవై, అధ్యక్షులవారు వంగగానే చెవుల్లోకి దూరి స్వాగతం పలికాయి. రంగనాయకి గోలెం దగ్గరకొచ్చేసరికి భూషణం చెవులు పనసకాయల్లా ఉబ్బాయి.

"ఇదేనా కొలను? ఇదేనా అద్దం? నా కొమ్ములేవి?" అని రంకె వేశాడు.

పద్మనాభం మెడ ముడుచుకుని ఈకల్లో దాచుకున్నాడు.

ఆ కోపంతోనే భూషణం మొగలిపొద దగ్గరకొచ్చి గోలెంలోకి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

అడుగున గులకరాళ్లు, తెల్లవి, నల్లవి, చారలవి, దేనికది లెక్కపెట్టుకునేంత తేటగా కనపడుతున్నాయి. పైన కలువ ఆకులు పళ్లేల్లా పరుచుకుని ఉన్నాయి. వాటి నీడలో చేపలు దాక్కున్నాయి. మధ్యన ఒకే ఒక తెల్లకలువ, అప్పుడే విచ్చుకుంది. ఆకులు లేని చోట, నీళ్లమీద, రెండు కొమ్ములు మెలితిరిగి మెరుస్తున్నాయి.

భూషణం ఇటు తిరిగి ఒక కొమ్ము చూసుకున్నాడు. అటు తిరిగి రెండోది చూసుకున్నాడు.

"కొలనంటే ఇదమ్మా! ఏం చేశావు?"

చిప్పలోంచి తల కొద్దిగా బయటికొచ్చింది. అబద్ధం ఆడొచ్చు. కానీ ఆడిన అబద్ధం గుర్తుపెట్టుకోవాలి గదా. ఆ నమ్మకం నాంచారమ్మకు లేదు.

"ఏమీ చెయ్యలేదు, బాబూ. నీళ్లు మార్చడం మరిచిపోయాను."

వెనకనుంచి ఒక బావమరిది, "మూడోది! దండ తెండి!" అన్నాడు.

పద్మనాభం బుర్ర చకచకా పనిచేసింది. ఈమెను గుట్టకు పంపితే, మార్చనిది బాగుండి మార్చినవన్నీ ఎందుకు పాడయ్యాయని రేపు ఎవరైనా అడుగుతారు. మార్చమన్నది ఎవరని అడుగుతారు. చేపలేవని కూడా అడుగుతారు. మెడ నిటారుగా చాచి ముందుకొచ్చాడు.

"అయ్యా, ఇది మరపు కాదు, పద్ధతి! మా విభాగం రహస్యంగా ఒక్క గోలెంలో ప్రయోగించి చూసింది. నాంచారమ్మగారు మా ఆదేశం ప్రకారమే మరిచిపోయారు."

"నిజమేనా అమ్మా?" అన్నాడు భూషణం.

"అయి ఉండొచ్చు, బాబూ. నాకు గుర్తులేదు."

"చూశారా! ఎంత క్రమశిక్షణ!" అన్నాడు పద్మనాభం.

ఆ మర్నాడే సభ కూడి విస్మరణ పథకం ప్రకటించింది. ఇకమీదట ప్రతి ఒక్కరూ తమ గోలేన్ని మరిచిపోవాలి. మరిచిపోయారో లేదో పర్యవేక్షకుడు రోజూ ఇంటికొచ్చి గుర్తుచేసి కనుక్కుంటాడు. నాంచారమ్మకు విస్మరణ విశారద అని బిరుదిచ్చారు. మోడుగుట్టకని గుచ్చిన దండే ఆమె మెడలో వేశారు. పాడుచెయ్యడం ఎందుకని.

పద్మనాభం పొద్దున్నే బయల్దేరేవాడు.

"రంగనాయకీ, మరిచిపోయావా?"

"దేన్ని?"

"గోలేన్ని!"

"అయ్యో, ఇప్పటిదాకా గుర్తే లేదు, నువ్వొచ్చి గుర్తుచేశావు!"

"గుర్తుందన్నమాట. అయితే పారబోసి మొదటినుంచీ మొదలుపెట్టు. చేపలేవి?"

రంగనాయకి గోలేనికి వీపు పెట్టి కూర్చుని మరిచిపోవడానికి సాధన చేసింది. మరిచిపోవాలి, మరిచిపోవాలి అని అరుస్తూ చేసింది. అడవంతా వినపడేది. తన మరపు అందరికన్నా పెద్దదని పందెం కూడా కాసింది.

నాంచారమ్మ చేత ఉపన్యాసం ఇప్పించారు. జంతువులు విరగబడి వచ్చాయి.

"విశారదగారూ, ఎలా మరిచిపోయారో చెప్పండి," అన్నాడు పద్మనాభం.

"అదే గుర్తురావడం లేదు, నాయనా."

చప్పట్లు ఆగలేదు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరన్నారు. అయితే ఆ గులకరాళ్ల సంగతేమిటని ఒకరు అడిగారు. గుర్తుండటానికి పెట్టుకున్నానంది ఆమె నిజాయితీగా. ఆ మాట పాఠంలోకి ఎక్కలేదు.

పథకం వల్ల గోలేలు బాగుపడలేదు గానీ, సభ బాగుపడింది. ఈ మరిచిపోవడంలో ఎంత సుఖముందో భూషణానికి త్వరగానే తెలిసొచ్చింది. గోలేలకే ఎందుకు పరిమితం చెయ్యాలనుకున్నాడు. సభ తీర్మానం చేసి అన్నిటికన్నా ముందు మరిచిపోయింది కలువకుంట మొరను. తరవాత అధ్యక్ష పదవికి గడువు ఉంటుందన్న సంగతిని మరిచిపోయింది. ఎవరైనా గుర్తుచేస్తే, పథకానికి అడ్డుపడుతున్నారని కూర్చోబెట్టారు. చేపలు ఏమయ్యాయో పద్మనాభం ఎప్పుడో మరిచిపోయాడు.

ఒక్క నాంచారమ్మకే చిక్కొచ్చిపడింది.

ఇదివరకు మరిచిపోతే గుట్టకు పంపేవారు. ఇప్పుడు మరిచిపోకపోతే పంపుతారు. ఈ మాట మనసులో పడ్డప్పటినుంచీ ఆమెకు గోలెం తప్ప ఇంకేమీ తోచడం లేదు. కళ్లు తెరవగానే గోలెం. కళ్లు మూసినా గోలెం. ఎండకు తగ్గిన నీళ్లు ఎంత, కొత్త ఆకులెన్ని, వాడిన ఆకు ఏది, చేపలు ఏ రాయి వెనక పడుకుంటాయి, అన్నీ అరచేతిలో ఉన్నట్టు తెలుసు. ఆఖరికి కప్ప పేరు కూడా.

"గురవయ్యా!"

నీళ్లలోంచి గురవయ్య బిక్కమొహంతో పైకొచ్చాడు. "అవ్వా, నా పేరు పెట్టి పిలిచావు! ఒంట్లో బాగుందా?"

"అదే నాయనా నా భయం. అన్నీ గుర్తొస్తున్నాయి. ఎవరితోనూ అనకు."

"చక్కగా ఉందిగా అవ్వా, సంతోషించు."

"సంతోషించే రోజుల్లో రాలేదయ్యా ఈ గుర్తు. గుట్టకు పంపే రోజుల్లో వచ్చింది."

ఆ రోజే పద్మనాభం వచ్చాడు. అడవిలో ఏ గోలెంలోనూ చేప మిగలలేదు. అన్నీ అతనే భద్రపరిచాడు. మిగిలింది ఈ ఒక్క గోలెం. ఆకుల నీడలో ఉన్న చేపలు పైనుంచి కనపడవు, ముక్కుకు అందవు. ఈ ముసలిది వెళ్తే గోలెం విభాగానిదవుతుంది. అప్పుడు తాపీగా పారబోసుకోవచ్చు.

"విశారదగారూ, మామూలు పరీక్షే. మీ గోలెంలో ఏముందో చెప్పండి చూద్దాం."

చెప్పకూడదని తెలుసు. నోరు మూసుకుంది. కానీ ఎన్నాళ్లుగానో అందామన్నా దొరకని మాటలు ఇప్పుడు వరసకట్టి నాలుకమీద నిలబడి ఉన్నాయి. ఎంతకాలానికి దొరికాయి! వాటిని మింగెయ్యడం ఆమెవల్ల కాలేదు.

"కలువ ఇంకో మొగ్గ తొడిగింది, బాబూ," అంది నెమ్మదిగా. "ఉత్తరం వైపు ఆకు అంచు పసుపెక్కింది. చారలరాయి వెనక చేప పిల్లల్ని పెట్టింది. గురవయ్య ఎడమకాలు కాస్త ఈడుస్తున్నాడు. నేను మొదట వేసిన తెల్లరాయి ఇదుగో, ఇక్కడుంది. నీళ్లు మార్చాలని వేశాను."

చెప్పడం పూర్తయ్యాక ఆమె ముఖం వెలిగిపోతోంది. పద్మనాభం ముఖం అంతకన్నా వెలిగిపోతోంది.

"మరిచిపోవలసినదాన్ని మరిచిపోకపోవడం కూడా మరపే," అన్నాడు. "ఇది మూడోది."

సభలో వాదన జరగలేదు. కేసేమిటో సభ్యులకు గుర్తులేదు. భూషణం కునుకుతో తూగుతూ "అలాగే కానివ్వండి" అన్నాడు. ఈసారి దండ కూడా లేదు. పద్మనాభమే దారి చూపించాడు. ముసలిది మధ్యలో ఆగిపోతుందేమోనని ఒక గులకరాయి ఏరి ఆమె నోటికిచ్చాడు.

"ఇది పట్టుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో గుర్తుంటుంది. మోడుగుట్ట. సూటిగా వెళ్లడమే."

రంగనాయకి ఒక కొమ్మ చివరిదాకా వచ్చి నిలబడింది. "వెళ్లొస్తావా అత్తా?" అంది. నోట్లో రాయి ఉంది గనక నాంచారమ్మ జవాబు చెప్పలేదు. మొగలిపొద వంక ఒకసారి చూసి, అడుగులు వేసింది.

ఎండ ముదిరింది. నేల గట్టిపడుతూ వచ్చింది. మోడుగుట్ట, మోడుగుట్ట అనుకుంటూ నడిచింది. గోలెం ఇక ఆమెది కాదు. పిల్లచేపలు ఆమెవి కావు. గుర్తుపెట్టుకోవలసిన బాధ లేదు, మరిచిపోవలసిన బాధా లేదు. ఇన్నాళ్లూ గుండెమీద కూర్చున్నది ఎప్పుడు లేచిపోయిందో తెలియకుండా లేచిపోయింది. గుట్ట కంటికి కనపడే దూరంలో ఒక ముళ్లకంప నీడన కాసేపు ఆగింది.

ఆగాక చూసుకుంటే నోట్లో గులకరాయి ఉంది.

కింద పెట్టి చూసింది. అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. ఎందుకు తెచ్చాను? ఏదో ఉంది. ఏమిటో తెలియదు. కానీ గులకరాయిని ఏం చెయ్యాలో మాత్రం ఆమె కాళ్లకు బాగా తెలుసు. రాయిని మళ్లీ నోట కరుచుకుని వెనక్కి తిరిగింది. తిన్నగా మొగలిపొద దగ్గరకొచ్చి, గోలెం అంచు విరిగిన వైపునుంచి రాయిని నెమ్మదిగా లోపలికి జారవిడిచింది.

"ఎక్కడికెళ్లావవ్వా ఇంతసేపు?"

"ఏమో నాయనా. ఎవరు నువ్వు?"

"గురవయ్యను," అన్నాడు కప్ప, తేలిగ్గా ఊపిరి తీసుకుంటూ.

గోలెం పారబోసుకుందామని నోరూరుతూ వచ్చిన పద్మనాభానికి గుమ్మంలో నాంచారమ్మ కనపడింది. "మీరు మోడుగుట్టకు వెళ్లలేదూ?" అని కేకవేశాడు.

"వెళ్లాలా, బాబూ? ఒక రాయి పెట్టుకుంటాలే."

పద్మనాభం రెక్కలు కొట్టుకుంటూ అధ్యక్షుడి దగ్గరకు పరిగెత్తాడు. భూషణం కుంటలో బావమరుదుల మధ్య మెడలోతు బురదలో ఉన్నాడు. చెవులచుట్టూ దోమలు గుయ్యిమంటున్నాయి.

"అయ్యా, ఆ తాబేలు తిరిగొచ్చేసింది! మీరు ఇచ్చిన శిక్ష—"

"ఏ తాబేలు?"

"నాంచారమ్మ, అయ్యా! సభ తీర్మానం చేసిందిగా!"

"తీర్మానాలు గుర్తుపెట్టుకోకూడదన్నది సభ తీర్మానం," అన్నాడు భూషణం. "నీకు గుర్తుందా? ఏం, పథకానికి అడ్డుపడుతున్నావా?"

"అయ్యా, ఆ పథకం పెట్టించింది నేనే! పర్యవేక్షకుణ్ణి!"

భూషణం అతణ్ణి ఎగాదిగా చూశాడు. బావమరుదులను అడిగాడు. వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. ఈ అడవిలో పర్యవేక్షకుడంటూ ఎవరైనా ఉన్నట్టు ఒక్కరికీ గుర్తులేదు.

"ఇంతకీ ఎవరు నువ్వు?" అన్నాడు భూషణం.

పద్మనాభం రెక్కలెత్తి మొక్కుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. తత్తరపాటులో, "ఉంటానండి, వీరభద్రంగారూ," అన్నాడు.

భూషణం తప్పుపట్టలేదు. తన పేరు అదేనేమో అనుకున్నాడు.

ఈ కథకు నీతి: మరపు ముసలిదానికొస్తే రోగం, సభకొస్తే తీర్మానం.